బన్పో దగ్గర బస్సు ఆపండి

చైనా యాత్రలు నడిపే మన తెలుగు ట్రావెల్స్ యజమానులకు, ఆ బస్సుల్లో మాతోపాటు తిరిగే టూర్ మేనేజర్లకు బహిరంగ లేఖ

నమస్కారం.

నేను మాచర్లలో ముప్పై రెండేళ్ళు సోషల్ టీచరుగా పనిచేసి రిటైరైనదాన్ని. 2020లో ఆగిపోయిన నేరు విమానాలు 2025 అక్టోబరులో మళ్ళీ మొదలయ్యాయని పేపర్లో చూశాను. మోకాళ్ళు ఇంకా మాట వింటున్నప్పుడే వెళ్ళొద్దామని మా చెల్లెల్ని కూడా బయల్దేరదీసి చైనా చూసొచ్చాను. ఏ ట్రావెల్స్‌తో వెళ్ళామో చెప్పను. తిరిగొచ్చాక నలుగురైదుగురి ప్రోగ్రాం కాగితాలు తెప్పించి చూస్తే అన్నీ ఒకే అచ్చులో పోసినట్టున్నాయి. అలాంటప్పుడు ఒకరి పేరు ఎత్తడం న్యాయం కాదు.

తిట్టడానికి రాస్తున్న ఉత్తరం కాదిది. పది రోజులూ అన్నం దొరికింది, రోజు మార్చి రోజు చారు దొరికింది. బీజింగ్‌లో మా గ్రూపులో ఒకావిడ కళ్ళు తిరిగి కూర్చుండిపోతే మీ టూర్ మేనేజర్ కుర్రాడు సొంత తల్లిని చూసుకున్నట్టు చూసుకున్నాడు. అది మర్చిపోలేను. నేను మాట్లాడేది షియాన్‌లో మేము గడిపిన రెండు రోజుల గురించి. అందులోనూ, బస్సు కిటికీలోంచి కనబడి వెనక్కి వెళ్ళిపోయిన ఒక బోర్డు గురించి.

చైనా మొదటి చక్రవర్తి సమాధికి కాపలాగా చేసిపెట్టిన మట్టి సైనికుల్ని చూసి లిన్‌తోంగ్ నుంచి తిరిగి ఊళ్ళోకి వస్తున్నాం. ఊరు దగ్గరపడ్డాక రోడ్డు పక్కన బోర్డు మీద బన్పో అని ఇంగ్లీషు అక్షరాల్లో కనబడింది. ఎప్పుడో ప్రైవేటుగా ఎం.ఏ. హిస్టరీ కట్టిన రోజుల్లో చదివిన పేరు, ఆరు వేల ఏళ్ళ నాటి ఊరు తవ్వకాల్లో బయటపడ్డ చోటు. సీట్లోంచి లేచి అడిగాను, ఇక్కడ ఆపుతారా అని. లోకల్ గైడ్ నవ్వి, "పాత కుండలు మేడమ్, చూడ్డానికేం లేదు" అన్నాడు. బస్సంతా నవ్వింది. ఇంకో పావుగంటకు బస్సు ఒక పచ్చరాళ్ళ షాపు ముందు ఆగింది. అక్కడ గంటా నలభై నిమిషాలు ఉన్నాం. బడి గంటకు అలవాటు పడ్డ ప్రాణం, గడియారం చూడకుండా ఉండలేను.

మర్నాడు మధ్యాహ్నం నుంచి ఖాళీ అన్నారు. అందరూ కోటగోడ ఎక్కి, అక్కడి నుంచి ముస్లిం వీధికి వెళ్ళారు. నేనూ మా చెల్లెలూ మెట్రో ఒకటో లైను ఎక్కి బన్పో స్టేషన్లో దిగాం. మ్యూజియం అక్కడి నుంచి నడిచి వెళ్ళే దూరమే. దారి పొడుగునా మా చెల్లెలు, "కుండలు చూడ్డానికి ఇంత దూరం రావాలా అక్కా, మన అటక మీద లేవా" అంటూనే ఉంది. వినుకొండ దగ్గర వ్యవసాయం చేసుకునే మనిషి, ఉన్నమాట అనేస్తుంది. ఆ మనిషే రెండు గంటల తర్వాత నేను వెళ్దాం పద అంటే, "ఉండవే" అని నన్ను కసిరింది. ఎందుకు కసిరిందో చెప్పడానికే ఈ ఉత్తరం.

సైనికుల్ని చిన్నబుచ్చడం లేదు. 1974లో కరువుకు బావి తవ్వుకుంటున్న రైతులకు మట్టి తల తగిలింది. 1979లో అక్కడే మ్యూజియం తెరిచారు. మొదటి గుంట ఒక్కటే మూడున్నర ఎకరాలు, దాని మొత్తం మీద ఒకే కప్పు. ఆ మెట్ల మీద నిలబడి కిందికి చూసినప్పుడు నాకూ నోట మాట రాలేదు. కానీ అదంతా ఒక్క మనిషి చావు కోసం చేసిన ఏర్పాటు. చక్రవర్తి పోయాక పక్కన కాపలాకు సైన్యం కావాలి, అందుకని ఎంతమంది కుమ్మరుల, కూలీల వెన్నులు వంగాయో. మనకు దొరుకుతున్న చైనా అంతా అదే: చక్రవర్తి సమాధి, చక్రవర్తి కోట, చక్రవర్తి గోడ. మామూలు మనిషి పొయ్యి ఎక్కడుంది, వాడి గింజలు ఎక్కడ దాచాడు, వాడి బిడ్డ పోతే ఏం చేశాడు అన్నది మీ పది రోజుల ప్రోగ్రాంలో ఎక్కడా లేదు. బన్పోలో ఉన్నది అదొక్కటే.

ఎంత పాతదో చెబుతాను. సైనికులు మనకు 2,200 ఏళ్ళ వెనకటి వాళ్ళు. వాళ్ళ నుంచి ఇంకా నాలుగు వేల ఏళ్ళు వెనక్కి వెళ్తే బన్పో. అంటే ఆ చక్రవర్తికి కూడా బన్పో మనుషులు మనకు ఆయన ఉన్నంత దూరానికి దాదాపు రెండింతల దూరంలో ఉన్నారు. ఇనుము లేదు, కంచు లేదు, రాజు లేడు. రాయి, ఎముక, కర్ర, మట్టి. చాన్ నది ఒడ్డున పన్నెండు ఎకరాల ఊరు. పురావస్తు వాళ్ళు దీన్ని యాంగ్‌షావ్ సంస్కృతి కింద, అంటే ఉత్తర చైనాలో కొత్త రాతియుగం నాటి రైతుల ఊళ్ళ కింద లెక్కగడతారు.

1953లో అక్కడ థర్మల్ విద్యుత్ కేంద్రం పనుల్లో నేల తవ్వుతుంటే పాత కుండలు బయటపడ్డాయి. 1954లో మొదలుపెట్టి 1957 దాకా తవ్వారు. ముందుండి నడిపినాయన షి షింగ్‌బాంగ్, అప్పటికి ఆయనకు ముప్పై దాటాయంతే. అంతకుముందు ఇలాంటి చోట్ల తవ్వకమంటే ఎక్కువగా లోతు గుంటలు తీసి, పొరలు చూసి, దొరికినవి పెట్టెలో పెట్టుకుని వెళ్ళడం. ఈయన రెండున్నర ఎకరాలు వెడల్పుగా, దుప్పటి తొలగించినట్టు మట్టి తొలగించాడు. ఇల్లు పక్కన ఇల్లు, ఇంటి పక్కన పాతర, దాని అవతల కందకం, కందకం అవతల శ్మశానం, అన్నీ వాటి వాటి చోట కనబడాలని. ఊరు ఊరుగా కనబడింది. 1956లో చెన్ యీ వచ్చి చూసి ఇక్కడే మ్యూజియం కట్టమన్నాడు. ఆయన తర్వాత రెండేళ్ళకు విదేశాంగ మంత్రి అయ్యాడు. 1958 ఏప్రిల్‌లో తెరిచారు. చరిత్రకు ముందటి ఊరి మీద చైనాలో కట్టిన మొట్టమొదటి మ్యూజియం ఇదే.

ఈ సంవత్సరాలు చదువుతుంటే నాకు ఒళ్ళు జలదరించింది. మాచర్ల వాళ్ళకు 1954 అంటే ఇంకో సంగతి. సరిగ్గా ఆ ఏడే మా పక్కన నాగార్జునకొండ లోయలో ఆర్. సుబ్రహ్మణ్యం గారి ఆధ్వర్యంలో పెద్ద తవ్వకాలు మొదలై 1960 దాకా నడిచాయి. మా నాన్న కుర్రతనంలో ఆ తవ్వకాల్లో తట్టలు మోశాడు. ఇక్ష్వాకుల విజయపురిని మట్టిలోంచి తీసి, కొలతలు వేసి, ఫోటోలు తీసి, మళ్ళీ నీళ్ళకు ఇచ్చేశారు. అక్కడ కప్పు వేసే వీలు లేదు, నది వస్తోంది. కొన్ని కట్టడాలను రాయి రాయీ విప్పి కొండ మీదికి మోసి తిరిగి పేర్చారు. 1966లో మ్యూజియం పెట్టారు. ఇప్పుడు లాంచీలో వెళ్ళి చూస్తాం. ఆ నీళ్ళతోనే మా కుడి కాలువ పారింది, మా అన్నం వండుకున్నాం. అందుకని దానిమీద నేను ఒక్క మాటా అనను. కానీ నాన్న చివరిదాకా ఒకటే చెప్పేవాడు: వస్తువు ఇంకోచోట చూడటం వేరు, అది ఉన్న నేల మీద నిలబడి చూడటం వేరు అని. బన్పోలో మొదటి హాల్లోకి అడుగుపెట్టగానే నాన్న మాట గుర్తొచ్చింది.

ఇక లోపల ఏముందో చెప్తాను. గైడ్‌కి తెలియక కాదు, అందరికీ బోరు కొడుతుందేమోనని వాడి టెన్షన్. మన వాళ్ళకు బోరు కొట్టదు. ఎలా చెప్పాలో తెలియాలి, అంతే.

పెద్ద హాలు. మధ్యలో అసలు నేల, చుట్టూ నడిచే దారి. తవ్విన మేరలో కొంత భాగమే ఈ కప్పు కింద ఉంది. మొదట చూస్తే నిజంగా ఏమీ ఉండదు. పసుపు మట్టి, గుంటలు, గుంటల్లో గుంటలు. మా చెల్లెలు ఒక నిమిషం చూసి, "ఇదిగో గుంజ పాతిన గుంట" అంది. అంతే, ఆ తర్వాత నేను బోర్డులు చదవాల్సిన పని లేకపోయింది. వరసగా గుంజల గుంటలు, అంటే గోడ. ఒకచోట గుంటలు లేవు, అంటే గుమ్మం. నడిమధ్యన కాలి ఎర్రబడ్డ మట్టి, అంటే పొయ్యి. నేలను కాస్త లోతుగా తవ్వుకుని, చుట్టూ గుంజలు పాతి, తడికెలు కట్టి, గడ్డి కలిపిన మట్టి మెత్తి, పైన పూరి కప్పు. కొన్ని గుండ్రం, కొన్ని చదరం. ఇలాంటి ఇళ్ళు నలభైకి పైగా బయటపడ్డాయి. చెల్లెలు ఒక ఇంటి ముందు నిలబడి, "మన రాములత్త ఇల్లు ఇంతే ఉండేది" అంది.

రెండొందలకు పైగా పాతర్లు. పాతర అంటే ఏమిటో నేటి పిల్లలకు చెప్పాలి గానీ మీ బస్సుల్లో ఎక్కే మా వయసు వాళ్ళకు చెప్పక్కర్లేదు. నేలలో గొయ్యి తీసి, ధాన్యం పోసి, పైన కప్పెట్టడం. అక్కడివి నోరు సన్నం, కడుపు వెడల్పు. ఊరి చుట్టూ కందకం, ఐదారు మీటర్ల లోతు, పైన ఆరు నుంచి ఎనిమిది మీటర్ల వెడల్పు. పార లేదు, గునపం లేదు. రాతి పనిముట్లతో, ఎముకలతో తవ్వారు. అది శత్రువు కోసమా, అడవి జంతువుల కోసమా అన్నది పండితులు తేల్చుకుంటారు. నాకు మాత్రం దాన్ని చూస్తే ఒకటే తోచింది. ఎవడూ కొరడా పట్టుకు నిలబడకుండా ఊళ్ళో వాళ్ళంతా కలిసి ఇంత మట్టి తీశారు.

కందకానికి అవతల కుమ్మరులు కుండలు కాల్చే ఆవాలు, ఆరు. మన ఊళ్ళలో కుండల్ని పేర్చి, పిడకలు, గడ్డి కప్పి కాలుస్తారు. వీళ్ళు మంటకు ఒక గది, కుండలకు ఒక గది విడిగా కట్టి, వేడిని గొట్టాల్లోంచి పైకి పంపారు. సారె మీద తిప్పిన కుండలు కావివి. మట్టిని తాళ్ళుగా చేసి చుట్టలు చుట్టి చేతితో నునుపు చేసినవి. కొన్నిటి అడుగున చాప అచ్చు పడి ఉంది, తడి కుండను చాప మీద పెట్టి ఆరబెట్టిన గుర్తు. చాప ఎప్పుడో మట్టిలో కలిసిపోయింది, దాని అల్లిక మాత్రం ఉంది. మా చెల్లెలు కళ్ళజోడు సవరించుకుని ఆ అచ్చును ఎంతసేపు చూసిందో. మా అమ్మ జమ్ముతో చాపలు అల్లేది.

ఇప్పుడు చెప్పబోయేది మీ గైడ్లు చెప్పకపోవడమే మంచిదేమో, చెబితే గొంతు తగ్గించి చెప్పమనండి. పెద్దవాళ్ళ సమాధులు 174, కందకం బయట శ్మశానంలో. పసిపిల్లలవి 76. వాటిలో దాదాపు అన్నీ కుండల్లోనే. పెద్ద కుండలో బిడ్డను ఉంచి, పైన చట్టి బోర్లించి, ఇళ్ళ పక్కనే పూడ్చారు. శ్మశానం దాకా తీసుకుపోలేదు. బోర్లించిన చట్టికి అడుగున కొన్నిటికి చిన్న కన్నం ఉంది. బిడ్డ ప్రాణం వస్తూ పోతూ ఉండటానికని అక్కడి పండితులు అంటారు. మన దేశంలోనూ, మహారాష్ట్రలోని ఇనాంగావ్‌లో, ఇంటి నేల కిందే రెండు కుండల నోళ్ళు కలిపి పిల్లల్ని దాచిన సంగతి నేను పిల్లలకు పాఠంగా చెప్పినదాన్నే. పాఠం చెప్పినప్పుడు ఏమీ అనిపించలేదు. అక్కడ, ఆ కుండలు వాటి గోతుల్లో అలాగే ఉంటే, ఇద్దరం మాట్లాడుకోలేదు.

మనిషి ముఖమూ చేపలూ గీసిన చట్టి బొమ్మ మీరు చూసే ఉంటారు, షియాన్‌లో అమ్మే బ్యాగుల మీద కూడా ఉంటుంది. గుండ్రటి ముఖం, మూసిన కళ్ళు, చెవుల దగ్గర చేపలు. అందరూ దాన్ని అందమైన గిన్నె అనుకుంటారు. అది అలాంటి ఒక పిల్ల సమాధి మీద బోర్లించిన మూత. దాదాపు 40 సెంటీమీటర్ల వెడల్పున్న ఆ పేరున్న చట్టి ఇప్పుడు బీజింగ్‌లోని జాతీయ మ్యూజియంలో ఉంది.

కుండలో పెట్టని పిల్ల ఒకతె ఉంది. 152వ నంబరు సమాధి. మూడు నాలుగేళ్ళ ఆడపిల్ల. పెద్దవాళ్ళకు చేసినట్టే గొయ్యి తీసి, చుట్టూ చెక్క పలకలు నిలబెట్టారు. ఎముక పూసలు, చెవి పోగు, ఆడుకోవడానికో ఏమో రాతి గోళీలు, కొన్ని మట్టి పాత్రలు పెట్టారు. ఒక గిన్నెలో ధాన్యం ఉంది.

ఆ ధాన్యం కొర్రలు.

ఇక్కడ కాస్త వెనక్కి వెళ్ళాలి. షియాన్ హోటల్లో మొదటి రోజు పొద్దున్నే టిఫిన్ల దగ్గర ఒక పెద్ద పాత్రలో పసుప్పచ్చటి జావ ఉంది. మా గ్రూపు వాళ్ళు ఒక్కరూ దాని జోలికి పోలేదు. మా దగ్గర పులిహోర పేస్టు, రెడీమేడ్ ఉప్మా, గోంగూర, మాగాయ, నువ్వుల పొడి ఉన్నాయి. ఆ జావేమిటో ఎవరూ అడగలేదు, మీ కుర్రాడూ చెప్పలేదు. అది కొర్ర జావ. చైనా వాళ్ళు దాన్ని షావోమీ అంటారు. షావో అంటే చిన్న, మీ అంటే గింజ. మీ బస్సులో సగం మంది చేతుల్లో ఉన్న ఫోను పేరు కూడా అదే. ఆ కంపెనీ పెట్టుకున్న పేరుకు అర్థం కొర్రలు. షుగరొచ్చాక డాక్టరు తినమన్నాడని కిలో ఇంతని కొనుక్కుని, నానబెట్టి, మొహం వికారంగా పెట్టుకుని తింటున్నామే, అవే కొర్రలు. అడవి గడ్డిగా ఉన్న కొర్రను 8,000 ఏళ్ళకు ముందే పంటగా మార్చింది ఉత్తర చైనా రైతులు. బన్పోలో ఒక పాతరలో కొర్రలు కుప్పగా దొరికాయి. ఒక ఇంట్లో చిన్న ముంతలో ఆవ జాతి మొక్క విత్తనాలు దొరికాయి, వచ్చే ఏటికి దాచుకున్నవి కాబోలు. మా చెల్లెలు "ఉండవే" అని కసిరింది ఆ కొర్రల దగ్గరే. వాళ్ళాయన నాయనమ్మగారి కాలం దాకా వాళ్ళ చేలల్లో కొర్రే వేసేవారు. కాలవ నీళ్ళు వచ్చాక వరికి మారారు. ఆ గింజలకు వయసు ఆరు వేల ఏళ్ళని చెబితే నా మొహం చూసి, "మరి మనవాళ్ళు దీన్ని పేదల తిండి అనేవాళ్ళేమే" అంది.

మర్నాడు పొద్దున హోటల్లో మేమిద్దరం ఆ జావ తాగాం. ఉప్పు లేదు. మాగాయ నంజుకున్నాం.

గైడ్లకు చెప్పాల్సినవి రెండున్నాయి. మొదటిది మొనకుండ సంగతి. అడుగు మొనగా, నోరు సన్నగా ఉండే కుండ అది, కింద పెడితే నిలబడదు. మ్యూజియం ముందర కొలనులో ఒక అమ్మాయి విగ్రహం అలాంటి కుండతోనే నీళ్ళు తోడుతుంటుంది. ఆ కుండ నీళ్ళలో దానంతటదే వంగి, నిండగానే దానంతటదే లేచి నిలబడుతుందని ఎన్నో ఏళ్ళు పాఠాల్లో చెప్పారు. తర్వాత నమూనాలు చేసి నీళ్ళలో వేసి చూస్తే అలా జరగలేదు. 2016లో అదే షియాన్ దగ్గర మిజ్యాయా అనే చోట తవ్విన 5,000 ఏళ్ళ నాటి పాత్రల్లో అడుగున అంటిన మడ్డిని పరీక్షించారు. వరిగలు, బార్లీ వంటివి పులియబెట్టిన బీరు ఆనవాళ్ళు తేలాయి. ఆ పాత్రల్లో ఈ మొనకుండ కూడా ఉంది. మడ్డి మొనలోకి దిగిపోతుంది, పైన తేరిన బీరు మిగులుతుంది. తాటితోపులో కల్లు లొట్టి చూసినవాడికి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. బన్పోలో ప్రతి మొనకుండా కల్లుకుండే అని నేను అనను. నీళ్ళూ తెచ్చుకుని ఉంటారు. కానీ ఈ ఒక్క కథ చెబితే మీ బస్సులో వెనక సీట్లో నిద్రపోయే మగవాళ్ళు కూడా దిగుతారు.

రెండోది, ఆడవాళ్ళ రాజ్యం. బన్పో అనగానే గైడ్ పుస్తకాల్లో మొదటి వాక్యం అదే, ఇక్కడ తల్లి వైపు నుంచి వంశం లెక్కపెట్టేవారు, స్త్రీలే పెద్దలు అని. ఆధారం ఏమిటంటే, ఒక గోతిలో ఇద్దరు మగవాళ్ళు, ఒక గోతిలో నలుగురు ఆడవాళ్ళు కలిసి ఉన్నారు. ఆలుమగల్ని కలిపి పెట్టిన గొయ్యి లేదు. ఇది వినడానికి నాకూ ఇష్టంగానే ఉంది. కానీ 1950ల్లో చైనాలో సమాజాల ఎదుగుదల గురించి మోర్గాన్, ఎంగెల్స్ అనే పండితులు రాసిన మెట్ల ప్రకారం ప్రతి సమాజమూ ముందు తల్లి రాజ్యం, తర్వాత తండ్రి రాజ్యం దాటి రావాలన్న నమ్మకం ఉండేది. తవ్వకానికి ముందే జవాబు రాసి పెట్టుకున్నట్టు. తర్వాతి పురావస్తు పండితుల్లో చాలామంది ఆ రెండు గోతుల నుంచి అంత పెద్ద మాట రాదన్నారు. నేను పరీక్ష పేపర్లు దిద్దిన మనిషిని. ఆధారానికి మించి రాస్తే మార్కులు వెయ్యను. మీ గైడ్లు "అలా అనేవారు, ఇప్పుడు సందేహం ఉంది" అని రెండు ముక్కల్లో చెబితే చాలు. మన వాళ్ళకు అర్థమవుతుంది. పరువేమీ తగ్గదు.

మ్యూజియం వాళ్ళు పడే పాట్లు కూడా మీ బస్సులో చెప్పతగ్గవే. రాతి గుడి నిలబడుతుంది, మట్టి గోడ నిలబడదు. కప్పు వేసి వానను ఆపారు, కానీ కింద నేలలోని చెమ్మ పైకి ఎక్కి, ఉప్పును వెంట తెచ్చి, పైపొరను పొడిపొడిగా రాలుస్తుంది. పాత ఇళ్ళ గోడలకు చవుడు పట్టి సున్నం పెచ్చులూడటం మనమెరుగుదుం. పాత హాలు పాడైపోతే ఈ శతాబ్దం మొదట్లో తీసేసి కొత్తది కట్టారు. ఊరిని కదపకుండా ఊరి మీది కప్పు మార్చడం, తలచుకుంటేనే చెయ్యి వణుకుతుంది.

ఇంక మీ కష్టాలు. మీ కుర్రాడితో మాట్లాడాను, నాకు తెలియవని కాదు. షాపులో ఆపితేనే టూరు ధర ఇంత తక్కువకు గిట్టుబాటవుతుందన్నాడు. నిజమే కావచ్చు, నేను షాపు తీసెయ్యమనను. గంటా నలభై నిమిషాల్ని గంట చెయ్యండి. మా గ్రూపులో ముప్పై ఆరు మందిలో పచ్చరాయి కొన్నది ముగ్గురు, వాళ్ళూ మొదటి అరగంటలోనే కొన్నారు. మిగతావాళ్ళం బాత్రూం లైన్లో నిలబడ్డాం. ఆ నలభై నిమిషాలకు ఇంకో గంట కలపండి. బన్పో మీ దారిలోనే ఉంది, ఊరికి తూర్పున, మీరు సైనికుల దగ్గరికి వెళ్ళే వైపే. టిక్కెట్టు సైనికుల టిక్కెట్టు కంటే బాగా తక్కువ. జనం తోపులాట లేదు. మోకాళ్ళ నొప్పుల వాళ్ళు నిదానంగా చుట్టూ తిరిగి రావచ్చు. సైనికుల దగ్గర ముందువాడి వీపు తప్ప ఏమీ కనబడక వెనక్కి వచ్చేసిన పెద్దావిడ ఒకరు మా గ్రూపులోనే ఉన్నారు.

వరస కూడా మార్చి చూడండి. ముందు బన్పో, తర్వాత సైనికులు. కొర్రల పాతరలు, పిల్లల కుండలు చూసి ఆ తర్వాత ఆ ఎనిమిది వేల మంది సైన్యం ముందు నిలబడితే, ఈ నాలుగు వేల ఏళ్ళలో ఏం జరిగిందో ఎవరూ చెప్పకుండానే మనిషికి ఒక ఆలోచన వస్తుంది. సైనికుల్ని చూశాక బన్పోకి తీసుకెళ్తే మాత్రం మీ గైడ్ అన్నట్టే, పాత కుండలే.

ఫోటోకు ఏముంటుందని అడుగుతారని మీ భయం. కొలనులో అమ్మాయి విగ్రహం ఉంది, అక్కడ తీసుకుంటారు లెండి.

తెలుగులో రెండు పేజీల కాగితం నేను రాసిస్తాను, ఊరికే. ఏ గుంట దగ్గర ఏం చూడాలి, దేన్ని మన మాటల్లో ఏమనాలి, ఏది ఖాయం, ఏది పండితుల ఊహ అన్నీ ఉంటాయి. పాతర, ఆవం, తడికె, లొట్టి. ఇవి వింటే చాలు, మన వాళ్ళు ఆ మట్టిని వాళ్ళే చదువుకుంటారు. అచ్చు వేసుకుని బస్సులో పంచండి. నా పేరు వెయ్యక్కర్లేదు.

మా వియ్యపురాలు ఏప్రిల్‌లో మీలోనే ఒకరి బస్సు ఎక్కుతోంది, ఆల్రెడీ అడ్వాన్సు కూడా కట్టేసింది. పొద్దున ఆ పసుపు జావ తాగమనీ, మాగాయ సీసా చేతిసంచిలో పెట్టుకోమనీ చెప్పాను. బన్పో బోర్డు కనబడగానే సీట్లోంచి లేచి నిలబడమని కూడా చెప్పాను. ఆవిడ నాకంటే గట్టిగా అడుగుతుంది.

ఇట్లు,
మాచర్ల నుంచి ఒక రిటైర్డ్ టీచరు